రెండో వరుసలో కన్ను

ధర్మవరంలో మా ఎదురింటి చీరల వ్యాపారి ఎవరు ఏ పని చెప్పినా ఫోన్ తీసి, చేయాల్సిన పనుల జాబితాలో ఎక్కించేవాడు. ఆపైన బొటనవేలితో ఒకదాన్ని పైకి, ఇంకొకదాన్ని కిందికి జరిపేవాడు. ఆయన భార్య మగ్గం నేసేది. ఆమెకు ఒక కన్ను మసకబారింది. జరీపోగు తెగితే వేళ్లతో తడుముకునేది. ఆసుపత్రికి తీసుకుపొమ్మంటే అదీ ఆ జాబితాలోకే ఎక్కింది.

"ఏమయ్యా, నా కన్ను యాడికొచ్చె?" అని రోజూ అడిగేది.

"రెండోదే ఉండాది. ఈ పెండ్లి చీరలు పోనీ, నీదే."

పెండ్లి చీరలు పోయేవి. వాటి చోటికి ఇంకేదో వచ్చేది.

చివరికి ఆమె ఒక్కతే బస్సెక్కి హిందూపురం కంటి ఆసుపత్రికి వెళ్లొచ్చింది. "ఆలస్యమైపాయనంట. ఈ కంటికి ఇంక చూపు రాదంట" అని సాయంత్రం అరుగు మీద కూర్చుని చెప్పింది. నేనక్కడే ఉన్నాను.

ఆయన అంతా విన్నాడు. ఫోన్ తీసి, 'కంటి ఆసుపత్రి' పక్కన అయిపోయినట్టు టిక్కు పెట్టాడు.