మా అత్త చంపిన సేనాపతి

గిద్దలూరులో నేను పాఠాలు చెప్పే స్కూలుకు బయల్దేరుతుంటే మా తమ్ముడి ఫోను వచ్చింది. "అక్కా, మిషన్ ఆపేసినాం" అన్నాడు. మార్కాపురంలో మా అత్త మంచం పక్కన రాత్రీ పగలూ మోగే ఆక్సిజన్ మిషన్ అది. కరెంటు పోయి ఆగితే ఇల్లంతా ఉలిక్కిపడేది. దాన్ని చేత్తో ఆపేశారంటే అత్త పోయిందని అర్థం.

ఆమె మా నాయనకు అక్క. జీవితమంతా, బడిపిల్లలు రాసుకునే రాతిపలకలు చేసే షెడ్డులో, పలకలకు చట్రాలు బిగించింది. ఆ రాతిదుమ్మే ఊపిరితిత్తుల్లో చేరి, చివరికి మూడు మాటలు కలిపి మాట్లాడలేని స్థితికి తెచ్చింది. పెద్దకర్మ రోజు వచ్చినవాళ్లంతా కష్టజీవి, మంచి మనిషి అన్నారు. నిజమే, కాదనను. కానీ అలాంటివాళ్లు మా ఊళ్లో వీధికి పదిమంది ఉన్నారు. మా అత్త మాత్రం ఒక్కతే. ఎందుకంటే ఆమె నవలల పిచ్చిది.

అన్ని నవలలూ కాదు. భక్తి పుస్తకం ఎవరైనా చేతికిస్తే కళ్లకద్దుకుని గూట్లో పెట్టేసేది. ఆమెకు లావుపాటి చారిత్రక నవలలు కావాలి. కోట ముట్టడి జరగాలి. ఎవరో ఒకరు దేశం విడిచిపోవాలి. ఒక ఆడమనిషి, ఒక మగమనిషి విడిపోయి, ఏళ్లతరబడి ఒకరికోసం ఒకరు బతకాలి. బస్టాండు దగ్గర అద్దె పుస్తకాల దుకాణం ఉండేది. అక్కడ పుస్తకం తీసుకునే ముందు "చివర్లో కలుస్తారా?" అని అడిగేది. కలవరంటే ఆ పుస్తకం ముట్టుకునేది కాదు.

ఇంటర్ అయ్యాక, పై చదువుకు దారి దొరికే లోపు నేను కూడా ఆమెతో షెడ్డుకు వెళ్లాను. అక్కడ ఒక అలవాటు ఉండేది. మధ్యాహ్నం కరెంటు పోగానే కోత మిషన్లు, నునుపు మిషన్లు ఆగిపోయేవి. చట్రాలు బిగించేది చేత్తోనే కాబట్టి మా పని ఆగదు. ఆ నిశ్శబ్దంలో అత్త చేతులు కడుక్కుని, కళ్లజోడు తుడుచుకుని పుస్తకం తెరిచేది. ఆమె చదువుతున్నంతసేపు ఆమె వాటా చట్రాలు మిగతావాళ్లు బిగించేవాళ్లు. ఎవరూ పెట్టిన రూలు కాదది. మేస్త్రీ మొదట్లో సణిగాడు గానీ, తర్వాత ఆయనే గడప దగ్గర బీడీ ముట్టించుకుని కూర్చుని, "నిన్న యాడ ఆపినావు?" అని గుర్తుచేసేవాడు.

అత్త ఊరికే చదివేది కాదు. మధ్యలో ఆగి పాత్రల్ని తిట్టేది. రాజు దండయాత్రకు కదిలితే, "ఈయనకేం, ఏనుగెక్కి పోయినాడు. ఇంట్లో పొయ్యి ఎవరు ముట్టియ్యాల?" అనేది. రాజకుమారి మూర్ఛపోతే, "లే తల్లీ, లే. ఇంకా సగం పుస్తకం ఉంది" అనేది. షెడ్డంతా నవ్వేది. ఆ నవ్వులు వినడానికే నేను ఆ ఏడాది అక్కడ పనిచేశానేమో అనిపిస్తుంది.

మాతో పనిచేసేవాళ్లలో ఒకామె అత్తగారి ఊరు కురిచేడు పక్కన. అందరం కురిచేడు అక్క అనేవాళ్లం. వాళ్లది గొర్రెలు మేపే ఇల్లు. వానల్లేని ఏడు ఆమె భర్త మందను అమ్మేసి, బోర్లు వేసే లారీ మీద కూలికి ఉత్తరాదికి పోయాడు. ఆమె పని వెతుక్కుంటూ మార్కాపురం వచ్చి ఒక అద్దె కొట్టంలో ఉండేది. మొదట్లో పక్కింటి ఫోనుకు అతని కబుర్లు వచ్చేవి. తర్వాత ఆగిపోయాయి. చచ్చిపోయాడని కొందరు, అక్కడెవర్నో చేరదీశాడని కొందరు. ఏదైతేనేం, అతను లేడు.

కొన్నేళ్లు చూసి ఆమె అన్న వచ్చాడు. మారుమనువు వాళ్లలో తప్పు కాదు. పామూరు వైపు ఒక రైతు, భార్య పోయినవాడు, సిద్ధంగా ఉన్నాడు. ఆమె షెడ్డు గడప దగ్గరే నిలబడి అన్నకు జవాబు చెప్పింది.

"ఈ కథ అయిపోనీ అన్నా. ఆ సేనాపతి తిరిగొస్తాడో రాడో చూసి చెప్తా."

అందరం నవ్వాం. ఆమె నవ్వలేదు. అది చూసి మేమూ ఆపేశాం.

అప్పుడు అత్త చదువుతున్న నవలలో శత్రువులు కోటను పట్టుకుంటారు. సేనాపతి గాయాలతో తప్పించుకుని సముద్రం అవతలి దేశానికి పోతాడు. అతన్ని ప్రేమించిన పిల్ల ఆ పాడుపడిన కోటలోనే ఉండిపోతుంది. కరువొస్తుంది, జబ్బులొస్తాయి, గెలిచిన రాజు పెళ్లాడతానంటాడు. ఆమె కదలదు. షెడ్డులో అందరికీ ఆమె అంటే ప్రాణం. దుకాణం మనిషి కలుస్తారనే చెప్పాడు కాబట్టి మేమంతా ధైర్యంగానే ఉన్నాం.

చివరి రోజు అత్త ఇలా చదివింది. సేనాపతి తిరిగి వస్తూ దారిలో ఏటి ఒడ్డున చనిపోయాడు. అతని తలపాగా ఒక బాటసారి తెచ్చి ఆ పిల్ల చేతికిచ్చాడు. ఆమె తెల్లవార్లూ ఏడ్చి, తలపాగాను ఏట్లో వదిలేసి, తనకు కష్టకాలంలో గింజలు పెట్టిన రైతు ఇంటికి నడిచిపోయింది. అక్కడితో అత్త పుస్తకం మూసింది.

షెడ్డు గొల్లుమంది. "ఏంది పెద్దక్కా ఇది! ఇన్నాళ్లు విన్నది ఇందుకా?" అని ఒకామె సుత్తి కింద పడేసింది. మేస్త్రీ రాసినవాణ్ని అమ్మనాబూతులు తిట్టాడు. కురిచేడు అక్క మాత్రం తల వంచుకుని చట్రానికి మేకు కొడుతూనే ఉంది. వారం తిరక్కుండా అన్నతో వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే ఇంట్లో నేను ఆ పుస్తకం తీసి చూశాను. సేనాపతి చావలేదు. నెరిసిన జుట్టుతో వచ్చాడు. ఆ కోట మెట్ల మీద ఇద్దరూ కలుసుకున్నారు. నేను పుస్తకం పట్టుకుని వంటింట్లోకి పోయాను.

"ఎందుకత్తా ఆయన్ను చంపేసినావు?"

ఆమె పిండి కలుపుతూ తలెత్తలేదు. "ఆ పిల్లకు కోట ఉంది. మన కురిచేడుదానికేముంది? కొట్టం, దుమ్ము. నా మొగుడు పోయినప్పుడు మీ నాయన నాకూ సంబంధం తెచ్చినాడు. నేను వద్దన్నా. పుస్తకాల్లో కాపురం చేసినా ఇన్నేళ్లు. అదట్ల చెయ్యకూడదు."

అంతకు ముందు గానీ, ఆ తర్వాత గానీ ఆమె తన గురించి అంత మాట్లాడటం నేను వినలేదు.

కథ అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. కురిచేడు అక్క మనువాడిన కొన్నాళ్లకు ఆమె మొదటి భర్త తిరిగొచ్చాడు.

నేను షెడ్డులోనే ఉన్నాను. కాలు ఈడుస్తూ వచ్చి గడప బయట నిలబడ్డాడు. లారీ కింద మనిషి పడితే డ్రైవరు పారిపోయాడట, దొరికిన ఇతన్ని జైల్లో వేశారట. భాష రాదు, జాబు రాసిపెట్టే మనిషి లేడు. "మా ఇంటిది ఈడనే పని చేస్తాందని చెప్పినారక్కా" అన్నాడు అత్తతో.

అత్త అతన్ని కూర్చోబెట్టింది. చెంబుతో నీళ్లిచ్చింది. మారుమనువు సంగతి ఏదీ దాచకుండా చెప్పింది. అతను నీళ్లు తాగకుండా చెంబు వైపే చూస్తూ విన్నాడు.

"మంచోడేనా?" అని అడిగాడు.

"మంచోడే నాయనా."

అప్పుడు నీళ్లు తాగాడు. చెంబు కింద పెట్టి బస్టాండు వైపు నడిచిపోయాడు. పామూరు పోలేదు, గొడవ చెయ్యలేదు. అతన్ని మళ్లీ చూసినవాళ్లు లేరు.

అత్త మర్నాటి నుంచి షెడ్డులో పుస్తకం తెరవలేదు. ఎవరెంత బతిమాలినా "గొంతు బాగాలేదు" అనేది. అప్పటికి ఆమె గొంతు బాగానే ఉంది. ఇంట్లో మాత్రం చదువుకునేది, అవే యుద్ధాలు, అవే ప్రేమలు. కానీ చివరి అధ్యాయం రాగానే మూసేసి దుకాణంలో ఇచ్చేసేది. కలుస్తారా అని అడగడం కూడా మానేసింది.

కథ మార్చిన సంగతి నా ద్వారానే ఒకరిద్దరికి తెలిసి, షెడ్డంతా పాకింది. "నువ్వే కదా దాని కాపురం కూల్చింది" అని ఎవరో మొహమ్మీదే అన్నారు. ఆమె ఇంకో చట్రం అందుకుంది. మంచాన పడ్డాక మాత్రం నేను వెళ్లినప్పుడల్లా, ఆ మిషన్ హోరులో, ఒక్కొక్క మాటే కూడగట్టుకుని అడిగేది. "కురిచేడుది... సుఖంగా... ఉందంటావా?" ఉందత్తా అనేదాన్ని. నాకేం తెలుసు? ఆమెకూ తెలుసు, నాకు తెలియదని. అయినా ప్రతిసారీ అడిగేది. ఈ బెంగతోనే పోయింది.

పెద్దకర్మ రోజు మధ్యాహ్నం, వచ్చినవాళ్లు భోజనాలకు కూర్చున్నాక, ఒక నెరిసిన ఆడమనిషి వాకిట్లో ఆటో దిగింది. దగ్గు విని తల తిప్పాను. పలకల షెడ్డు దగ్గు ఎక్కడ విన్నా పోల్చుకుంటాను. కురిచేడు అక్క.

పక్కకు తీసుకుపోయి కూర్చోబెట్టాను. ఓపిక పట్టలేక అడిగేశాను. "అత్త నీకు అన్యాయం చేసినానని ఏడ్చి ఏడ్చి పోయిందక్కా. నీకు తెల్సా? ఆ కథలో ఆయన చావలేదు."

"నాకు ఆ పొద్దే తెల్సు పాపా" అంది ఆమె.

"ఎట్ల తెల్సు?" అన్నాను.

"నాకు చదువు రాదు గానీ కళ్లున్నాయి కదా. పెద్దక్క రోజూ ఏలు తడి చేసుకుని కాగితం తిప్పేది. ఆ పొద్దు ఆయన చచ్చేదాకా, ఆ పిల్ల ఏడ్చేదాకా, రైతు ఇంటికి పొయ్యేదాకా ఒక్క కాగితం తిప్పలే. పుస్తకం పక్కే చూడలే. నన్ను చూస్తా చెప్పింది."

"తెలిసి ఎట్ల పోయినావు?"

"పోవాలని నాకే ఉండె. ఆ మాట నా నోటితో అనలేక కథ మీద పెట్టినా. మా అన్న బరువు దించుకునేదానికి పొమ్మన్నాడు. నా కోసం పొమ్మనింది ఆమె ఒక్కతే."

"మరి ఇన్నేళ్లు ఒక్క కబురు చెప్పలేకపోయినావా? ఒక్క ఫోను చెయ్యలేకపోయినావా?" నా గొంతు పెరిగింది. కోపం వచ్చింది, దాచుకోలేదు.

"ఆయన తిరిగొచ్చినాడని విన్నాక ఏ మొగం పెట్టుకుని వచ్చేది పాపా? అందరూ పెద్దక్క చేసిందనుకుంటా ఉంటే గమ్మునుండిపోయినా. నా తప్పు ఆమె నెత్తిన వదిలేసినా." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఈయన మంచోడే. ఇద్దరు పిల్లలు. ఏ లోటూ లేదు. కానీ ఎండాకాలం రోడ్డు మీద గొర్రెల మంద పోతే, ఇప్పటికీ లోపలికి పోయి తలుపేసుకుంటా."

తర్వాత లేచి, దండ వేసిన ఫోటో ముందుకు వెళ్లి నిలబడింది. దండం పెడుతుందనుకున్నాను. పెట్టలేదు. మిషన్ల మోత మధ్య షెడ్డులో అరిచినట్టు, గొంతెత్తి అరిచింది.

"పెద్దక్కా! నువ్వు కాగితం తిప్పలే! నేను చూసినా! పోయింది నేనే, నువ్వు పంపలే!"

విస్తళ్ల ముందు చేతులు ఆగిపోయాయి. ఆమె ఎవరినీ పట్టించుకోలేదు. ఫోటో వైపు చెవి పెట్టి, బదులు వినిపించలేదన్నట్టు, మళ్లీ అదే మాట ఇంకా గట్టిగా అరిచింది.