గ్లాసుకి చెప్పిన మాట

తాత ఆసుపత్రిలో చేరిన కొన్నాళ్ళకే తేలింది, ఆయన జబ్బు కిడ్నీలది, మా జబ్బు మాటలదీ అని.

తాత రైల్వేలో గార్డు చేసి రిటైరయ్యాడు. మంచం దగ్గర ఎప్పుడూ ఎవరో ఒకరుండాలి. ఉండగలిగింది నాన్న, అమ్మ, బాబాయి, పిన్ని. నేను సీపత్‌ కరెంటు ప్లాంటులో ఒక కాంట్రాక్టరు దగ్గర పనిచేస్తాను. సెలవు అన్నది ఆయనకి తెలియని భాష. నాన్న, బాబాయి పనిచేసేది రైలింజన్ల షెడ్‌లో. అక్కడి యూనియన్ ఎన్నికలప్పటి నుంచి ఇద్దరూ మాట్లాడుకోరు. యూనియన్లు వేరైనా ఇద్దరి జెండాలూ ఎర్రవే, అదే అసలు బాధ. అమ్మా పిన్నీ మాట్లాడుకోకపోవడం అంతకన్నా పాత సంగతి. కారణం ఇద్దరూ మరిచిపోయారు, కోపం మాత్రం జాగ్రత్తగా దాచుకున్నారు. దాంతో ఒకరు వెళ్ళి ఒకరు వచ్చే వేళకి డాక్టరు చెప్పింది మంచం దగ్గరే రాలిపోయేది. ఒకరోజు పొద్దుటి మాత్ర అమ్మా వేసింది, పిన్నీ వేసింది. తాత సాయంత్రం కళ్ళు తెరిచి, "ఏ స్టేషనూ?" అన్నాడు.

"డూటీ దిగినోడు ఎక్కినోడికి ఛార్జివ్వాల. ఆ పాటి బుద్ధి నేదు ఈ ఇంట్లో," అన్నాడు నాన్న.

"మరి నువ్వు బాబాయికి ఇస్తావా?"

"ఆడికా? నానియ్యాలా?"

సీపత్‌లో నా పని గళ్ళ కాగితం. యంత్రాల పేర్లు ఎడమవైపు నిలువుగా రాసి, అవే పేర్లు పైన అడ్డంగా రాస్తాను. ఈ పంపు ఆగితే ఆ ఫ్యాను ఆగుతుందా? ఆగితే ఒకటి, లేకపోతే సున్నా. 'కొంచెం', 'ఒక్కోసారి', 'మూడ్ బాగుంటే' లాంటివి ఉండవు. యంత్రాలంటే నాకు అందుకే గౌరవం.

ఇంట్లోవాళ్ళకీ అలాంటిదే ఒకటి గీశాను. ఒక్కొక్కరినీ విడిగా అడిగాను, ఫలానావాళ్ళతో గొడవుందా అని. ఉంటే సున్నా, లేకపోతే ఒకటి. సున్నాలు తప్పించుకుంటూ ఒకట్ల మీదే అడుగులేస్తే ఒక దారి దొరికింది: నాన్న తరవాత అమ్మ, అమ్మ తరవాత బాబాయి, ఆయన తరవాత పిన్ని, పిన్ని తరవాత మళ్ళీ నాన్న.

"ఓరి, ఇంటిని బాయిలరు సేసీసేవేట్రా?" అన్నాడు బాబాయి.

"బాయిలరే నయం బాబాయ్. పేలే ముందు ఈల వేస్తుంది."

కొన్నాళ్ళు బండి బాగానే నడిచింది.

పిన్నికి నాన్నతో గొడవేమీ లేదు. ఉన్నది గౌరవం. ఎంత గౌరవమంటే, కాపురానికొచ్చిన దగ్గర్నుంచి బావగారితో ఒక్క మాట మాట్లాడలేదు. మొగుడి అన్నగారి ఎదుట నిలబడకూడదు, నోరు విప్పకూడదు. మావాళ్ళు శ్రీకాకుళం నుంచి మోసుకొచ్చిన మర్యాద ఇది. ఇక్కడి హిందీవాళ్ళ ఇళ్ళలోనూ ఇలాంటిదే ఉంది కాబట్టి దాన్ని ఎవరూ టికెట్ అడగలేదు. ఆయనకి చెప్పాల్సింది ఆమె గోడకో, గిన్నెకో, నాకో చెప్తుంది. ఆయన పక్కగదిలోంచి విని గోడకే బదులిస్తాడు. పట్టాల పక్కన పుట్టినవాడికి బండి చప్పుడు వినబడనట్టు, ఇదీ నాకు ఎప్పుడూ కనబడలేదు. అక్కడ ఒకటి వేశాను. అప్పటిదాకా ఆమె నుంచి ఆయనకి అందాల్సిన కొత్త మాటేదీ రాలేదు కాబట్టి సరిపోయింది.

ఆ మధ్యాహ్నం డాక్టరు పిన్నితో చెప్పాడు: ఊపిరితిత్తుల్లోకి నీరు ఎక్కుతోంది, ఇక తాగడానికి నీళ్ళివ్వొద్దు, పెదాలు తడిపితే చాలు. కాసేపటికి నాన్న షెడ్ నుంచి వచ్చి, పద్ధతి ప్రకారం గుమ్మం బయట దగ్గాడు. మరదలు బయటికి రావడానికి వీలుగా కారిడార్ చివరిదాకా వెళ్ళి, అటు తిరిగి నిలబడ్డాడు. పిన్ని కొంగు సర్దుకుని లేచింది. స్టూలు మీది స్టీలు గ్లాసుతో, "నీళ్ళియ్యొద్దన్నారు. పెదాలు తడిపితే సాలట," అని చెప్పి వెళ్ళిపోయింది. గ్లాసు శ్రద్ధగా వింది.

తాత నీళ్ళడిగాడు. నాన్న ఇచ్చాడు. అడిగినప్పుడల్లా, ఆ గ్లాసుతోనే, తల పైకెత్తి పట్టుకుని ఇచ్చాడు. పొద్దుగూకేసరికి తాతకి ఊపిరి ఆడలేదు.

"పానీ కిస్‌నే దియా?" అని అరిచాడు డాక్టరు, నీళ్ళెవరిచ్చారని.

"మైనే," అన్నాడు నాన్న, తనేనని.

మర్నాడు తాత పోయాడు.

అర్పా నది ఒడ్డున నాన్న కుండ భుజాన పెట్టుకుని చితి చుట్టూ తిరిగాడు. వెనక నడుస్తూ కుండకి చిల్లు కొట్టింది బాబాయి. ఇన్నేళ్ళకి అన్నదమ్ములు కలిసి చేసిన పని అది, అదీ మాట లేకుండా. నీళ్ళు ధారగా పోయాయి. అప్పుడెవరూ వద్దనలేదు.

ఇంటికొచ్చాక నాన్న వరండాలో కూర్చున్నాడు. పిన్ని వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది.

"బావగారూ."

అమ్మ చేతిలో చెంబు ఆగిపోయింది.

"డాక్టరు నాతో సెప్పేరండి, నీళ్ళియ్యొద్దని. నాను గ్లాసుకి సెప్పీసి ఎలిపోనానండి."

నాన్న తలెత్తలేదు. నా వైపు తిరిగాడు.

"మీ పిన్నికి సెప్పు. తప్పు ఆయమ్మది కాదని."

ఆమె రెండడుగుల్లో ఉంది. ఆ కాగితంలో ఇప్పుడు పిన్ని నుంచి నాన్నకి నిజంగానే ఒకటి. నాన్న నుంచి పిన్నికి సున్నా. సీపత్‌లో ఇది మామూలే: పంపు ఆగితే ఫ్యాను ఆగుతుంది, ఫ్యాను ఆగినా పంపు ఆగదు. నేను పిన్ని వైపు తిరిగాను.

"పిన్నీ, తప్పు నీది కాదంట."

"ఇన్నాన్రా," అంది పిన్ని. "ఇంకోపాలి సెప్పు."