పల్లికాయలు ఒలుస్తూ అడిగిన ఒక్క మాట

“నా బిడ్డ లోపల్లోపల బాధపడుతుంటే, నాకు తెల్వకపోతే ఎట్ల మేడం?”

బండి నడుపుతూ, వెనక కూర్చున్న లక్ష్మీనర్సమ్మ మేడంను అడిగాను. మా పాపకు ఆరేళ్లు. కొత్తకోట దగ్గరి ఒక ఉన్నత పాఠశాలలో మేడం జీవశాస్త్రం, నేను భౌతికశాస్త్రం చెబుతాం. ఆ సాయంత్రం ఇద్దరం తొమ్మిదో తరగతి పిల్ల సుస్మిత ఇంటికి పోతున్నాం.

“ముందు ఈ పిల్ల సంగతి చూద్దాం పా తమ్మీ,” అన్నారు మేడం.

మేడం గొర్లు కాసే ఇంట్లో పుట్టారు. చిన్నప్పుడు సెలవులన్నీ తండ్రి మల్లప్ప వెంట మందతోనే గడిచాయట. నాలుగు రోజుల కింద తొమ్మిదో తరగతిలో డిప్రెషన్ గురించి పాఠం మొదలుపెట్టినప్పుడు, పిల్లల్ని ముందుగా ఒకటే అడిగారు.

“గొర్రెకు పానం బాగలేదని మీ బాపుకెట్ల తెలుస్తది?”

“మేత ముట్టదు మేడం!”

“చెవులేలాడేస్తది.”

“మందల కలువది, ఎనకబడ్తది.”

“నోరిప్పి చెప్తదా మరి?”

తరగతంతా నవ్వింది.

“మీ పక్క దోస్తును ఎన్నడన్న అట్ల చూసినరా?”

“గిరిగాన్ని చూసిన మేడం,” అంది ప్రియాంక. “మేత ఇడిచేటోడే కాదు. బడి బువ్వల రెండేసి గుడ్లు తింటడు!”

“నేనేం గుంజుకోలే,” అన్నాడు గిరి ఉక్రోషంగా. “సుస్మితనే ఇస్తది. తినబుద్ధైతలేదట.”

నవ్వులు ఆగిపోయాయి. చివరి బెంచీలో సుస్మిత తల వంచుకుంది. మేడం అటు చూడనే లేదు. తిండి, నిద్ర, ఆటపాటల మీద ఇష్టం రెండు వారాలైనా తిరిగి రాకపోతే అది బద్ధకం కాదని, పిచ్చి కూడా కాదని, దవాఖానలో మందున్న జబ్బేనని పాఠం సాగించారు.

పక్క తరగతిలోంచి ఇదంతా విన్న నేనే ఆగలేకపోయాను. సుస్మితను స్టాఫ్‌రూంకు పిలిచి, ఇంట్లో గొడవా, మార్కుల భయమా, ఎవరైనా ఏమన్నారా అని ప్రశ్న మీద ప్రశ్న వేశాను. “ఏం లేదు సార్,” అంది. మర్నాటి నుంచి బడికి రాలేదు.

మేం వెళ్లేసరికి తల్లీకూతుళ్లు విత్తనానికి పల్లికాయలు ఒలుస్తున్నారు.

“దిష్టి తాకిందేమో మేడం. తాయెత్తు కట్టిచ్చిన,” అంది తల్లి బిక్షమ్మ.

మేడం చెప్పులు విడిచి సుస్మిత పక్కన నేల మీద కూర్చున్నారు. చేట దగ్గరికి లాక్కుని తానూ ఒలవడం మొదలుపెట్టారు. ఏమీ అడగలేదు. చేట సగం నిండింది. నేను రెండుసార్లు నోరు తెరవబోతే కళ్లతోనే ఆపారు.

“నిద్రపడ్తుందా బిడ్డా?”

చేట నిండేదాకా మేడం కాయలు ఒలుస్తూనే ఉన్నారు.

“పడ్తలేదు మేడం,” అంది సుస్మిత చివరికి. “పండుకుంటే మళ్ల లేవకుంటే మంచిగుండు అనిపిస్తది.”

బిక్షమ్మ చేతిలోంచి కాయలు జారిపోయాయి. మేడం చేయి సుస్మిత వీపు మీదికి వెళ్లింది.

“చెప్పినవు, మంచిగైంది. నీ తప్పేం లేదు. రేపు పొద్దుగాల నేనే తోల్కపోత దవాఖానకు. బిక్షమ్మా, తాయెత్తుంటే ఉండనీ. బిడ్డను మాత్రం ఒంటిగ ఇడువకు. రాత్రి పక్కకే పండుకో.”

జిల్లా దవాఖానలో డాక్టరు మందులిచ్చారు. పదిహేను రోజులకోసారి రమ్మన్నారు. మొదట్లో మేడమే వెంటవెళ్లారు. సుస్మిత బడికి ఒకరోజు వచ్చేది, రెండు రోజులు మానేసేది. డిసెంబరులో ఒక మధ్యాహ్నం గిరి స్టాఫ్‌రూం గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

“మేడం, ఇయ్యాల సుస్మిత గుడ్డు ఇయ్యలే. అదే తినేసింది!”

ఫిర్యాదు చేయడానికి వచ్చినవాడు నవ్వుతున్నాడు. మేడం కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు. అప్పుడు, ఆనాడు బండి మీద మా పాప గురించి అడిగిన మాటే మళ్లీ అడిగాను.

“నువ్వు ఆ పిల్లను పది మాటలడిగినవు తమ్మీ. ఏ దానికని జవాబు చెప్తది? ఒక్కటే అడుగు. అడిగినంక చేతుల ఏదన్న పనివెట్టుకొని పక్కకే కూసో. చెప్పేదాంక లేవకు.”

ఇప్పుడు మా పాప బడి నుంచి వచ్చే వేళకు చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చుంటాను. ఒక్కటే అడుగుతాను. ఈనెలు తీస్తూ ఉంటాను.