రేడియేషన్‌కు విరుగుడు పంది కొవ్వు

మా ఊళ్లో రేడియేషన్ గురించి సర్వం తెలిసినవాడు హోర్డీ. చదివింది ఏడో తరగతి, నడిపింది ట్రాక్టరు. ఎనభై ఆరులో చెర్నోబిల్ అణుకేంద్రం పేలి పక్క ఊరివాళ్లు బస్సులెక్కి పోతుంటే, ఉప్పు పట్టించిన పంది కొవ్వు, అదే మా సాలో, పూటకో ముక్క తింటే రేడియేషన్ ఒంటికి అంటదని తీర్పు చెప్పాడు. పుట్టింటికి పోతానన్న పెళ్లాన్ని ఊరు దాటనివ్వలేదు. వాడి కూతురి జ్ఞానస్నానంలో బిడ్డను ఎత్తుకుని జ్ఞానతండ్రిగా నిలబడ్డ పాపానికి, మా ఆచారం ప్రకారం నేను వాడికి బావనయ్యాను. నలభై ఏళ్లుగా ఆ గొప్పలు వింటున్నాను.

పోయిన వసంతంలో వాడి భార్య మోత్రియాకు రొమ్ములో గడ్డ తీశారు. ఇరవై అయిదు సార్లు రేడియేషన్ పెట్టాలన్నారు. మా దగ్గరి పట్నం జితోమిర్‌లో ఉన్న ఆస్పత్రికి ఇద్దరినీ నా కారులోనే తీసుకెళ్లేవాణ్ణి. సరిగ్గా అప్పుడే రేడియోలో ఎవరో చెప్పారు, కొలెస్ట్రాల్ కణాలు రక్తనాళాలను రేడియేషన్ దెబ్బ నుంచి కాపాడవచ్చని. ఇక హోర్డీని పట్టగలమా!

"విన్నావా బావా? నేను ఎప్పుడో చెప్పిందే శాస్త్రవేత్తలు ఇప్పుడు కనిపెట్టారు!"

"వాళ్లు చెప్పింది ఏ కొలెస్ట్రాల్ గురించో విన్నావా?"

"కొలెస్ట్రాలంటే కొవ్వే కదా. ఇంకేం వినాలి?"

రోజూ పొద్దున్నే అరచేయంత ముక్క కోసి ఆమె నోట్లో కుక్కేవాడు. ఆమె దారి పొడవునా వాంతి చేసుకునేది. మనిషి చిక్కి సగమైంది. పద్నాలుగో రోజున డాక్టరమ్మ ఆమె బరువు చూసి, ఇలాగే తగ్గితే చికిత్స మధ్యలో ఆపాల్సి వస్తుందంది. మొగుడి పరువు కోసం మోత్రియా నోరు విప్పలేదు. నాకు ఒళ్లు మండి సాలో సంగతీ, రేడియోలో విన్న సంగతీ నేనే చెప్పేశాను.

"అది మంచి కొలెస్ట్రాల్ సంగతి తాతా," అంది డాక్టరమ్మ హోర్డీతో. "అది కాపాడుతుందేమోనని ఇంకా పరీక్షలు చేస్తున్నారు. పంది కొవ్వు తింటే వచ్చేది చెడ్డది, అది రక్తనాళాల్ని పూడుస్తుంది."

"మీరు నిన్నగాక మొన్న పుట్టారు. ఎనభై ఆరులో నన్ను కాపాడింది ఈ సాలోనే! చూడండి, గుండ్రాయిలా లేనూ?"

అప్పుడు తలెత్తింది మోత్రియా.

"ఆ మే నెలంతా నువ్వు తలుపులేసుకుని ఇంట్లో కూర్చుని తిన్నావు హోర్డీ. ఆ దుమ్ములో బంగాళాదుంపలు నాటింది నేను."

హోర్డీ టోపీ తీసుకుని బయటికి నడిచాడు. వాడు వాదన మధ్యలో వదిలిపోవడం నేను చూడడం అదే మొదలు. జాలి మాత్రం కలగలేదు.

మిగిలిన పదకొండు సార్లూ ఆమె నాతో ఒంటరిగానే వచ్చింది. వాడు రోజూ టోపీ పెట్టుకుని తయారై గేటు దగ్గర నిలబడేవాడు. ఆమె కారెక్కి తలుపు వేసుకునేది.