చిన్నమ్మ తిప్పిన లైట్లు

కోవిల్‌పట్టిలో మా చిన్నమ్మ పల్లీ మిఠాయి తయారుచేయించి అమ్ముతుంది. ఇంటి పెరట్లోనే రేకుల షెడ్డు, దానికి ఆనుకుని సరుకు గది. పనిలోకి వచ్చేవాళ్లంతా చుట్టుపక్కల ఆడవాళ్లు. చిన్నాన్న పోయాక ఆమె ఒక్కతే అంతా నడుపుతోంది.

ఒకసారి ఎవరో గోడ దూకి, సరుకు గది తాళం విరగ్గొట్టి బెల్లం మూటలు ఎత్తుకుపోయారు. మరునాడే చిన్నమ్మ షెడ్డు నెత్తిన రెండు పెద్ద ఫ్లడ్‌లైట్లు పెట్టించి, గేటు వైపు తిప్పించింది. "ఇంక వాకిలంతా పగలే" అని నాకు ఫోన్ చేసి సంబరంగా చెప్పింది.

ఆ వారమే విరుదునగర్ నుంచి ఆమెను చూడ్డానికి వెళ్లాను. చేరేసరికి చీకటి పడుతోంది. గేటు తీయగానే వెలుగు కళ్లలో కొట్టింది. చెయ్యి అడ్డం పెట్టుకుని తడుముకుంటూ నడుస్తుంటే, సరుకు గది దగ్గర్నుంచి గొంతు వినిపించింది.

"ఏమే, నన్ను చూడకనే పోతాండావు?"

ఉలిక్కిపడ్డాను. చిన్నమ్మ నా పక్కనే, సరుకు గది గోడ వార నిలబడి ఉంది.

"ఈ వెలుగుకు కన్ను కూసుతాది చిన్నమ్మా. నువ్వు ఆడ ఉండేది తెలీనే లేదు" అని నవ్వాను.

ఆమె నవ్వలేదు. "నేనే కనపడకపోతే, దొంగ నిలబడితే ఎవురికి కనపడతాడు?" అంటూ లైట్ల వంక చూసింది.

మర్నాడు పొద్దుగూకే వేళకు, పని ముగించిన ఆడవాళ్లను ఆపింది. ఒకరిని గోడ వార, ఒకరిని చెట్ల వెనక, ఒకరిని సరుకు గది తలుపు దగ్గర నిలబెట్టి, తను గేటు దగ్గరికి పోయి చూసింది. ఎవరి ముఖం తెలియలేదో అక్కడ సుద్దతో గుర్తు పెట్టించింది. వాళ్లకు అదంతా ఆటలా ఉంది. అరవంలో ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ చోట్లు మారారు.

తర్వాత వీధి దాటి ఎదురింటికి వెళ్లింది. వెనకే నేనూ వెళ్లాను. ఆ ఇంట్లో ఒక పెద్దాయన ఉంటారు. మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు.

"మామా, నా లైటు మీ ఇంట్లోకి పడతాందా?"

ఆయన కాస్త నసిగారు. "పడితే ఏమి అమ్మాయ్? ఒంటిగా ఉండేదానివి, నీ భయం నీకుంటాది. కిటికీకి దుప్పటి కట్టుకుంటి."

చిన్నమ్మ ఆ దుప్పటి తొలగించి, ఆయన మంచం మీదే కూర్చుని బయటికి చూసింది. "నాతో ఒక మాట చెప్పకూడదా మామా!" అంది.

కొత్తగా కొన్నవి ఎలా తీసేయడమని ఆమె ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. తెల్లారగానే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఫ్లడ్‌లైట్లు దింపించింది. వాటి బదులు మూత ఉన్న చిన్న లైట్లు, వెలుగు నేల మీదే పడేలా గోడలకు పెట్టించింది. సరుకు గది వెనక మాత్రం మనిషి కదిలితే వెలిగేది ఒకటి. గోడ వారన పెరిగిన పొదలు కొట్టించింది. ఆడవాళ్లు ఇళ్లకు నడిచిపోయే సందు మొదట్లో, ప్రహరీ మీద, ఇంకొకటి. ఆ సాయంత్రం మళ్లీ అందరినీ నిలబెట్టి చూసింది. ఒక మూల ముఖం ఇంకా సరిగా తెలియకపోతే, ఆ లైటు ఊడదీయించి పక్కకు జరిపించింది.

పనివాళ్లలో పెద్దామె సందు చివరిదాకా నడిచి వెనక్కి వచ్చింది. "ఎదురొచ్చేది ఎవరో దూరం నుంచే తెలుస్తోంది, అక్కా. ఇంక గబగబా నడవక్కర్లేదు" అంది అరవంలో. ఇన్నాళ్లూ ఆమె భయపడుతూ నడిచేదని మాకప్పుడే తెలిసింది.

నాకు చిన్నమ్మ మీద ఎప్పుడూ ప్రేమే. ఆ రోజు గౌరవం కూడా పెరిగింది. తన ఇంటిని తన గుమ్మంలోంచే చూసుకుని ఊరుకునే మనిషి కాదు.

విరుదునగర్‌లో మా పప్పుల గోదాం లైట్లు కూడా చూడమని బతిమాలి తీసుకొచ్చాను. మావారు తాళాలు పట్టుకుని ఎదురొచ్చారు. చిన్నమ్మ లోపలికి రాలేదు. తిన్నగా రోడ్డు దాటి అవతలి టీకొట్టు బల్ల మీద కూర్చుని, మా గోదాం వైపు చూస్తూ టీ చెప్పింది.