సగం వంతు నీళ్లు

ఈ సంగతి రాసి పెట్టక తప్పడం లేదు. దివిసీమలో మా ఊళ్లో దీన్ని ఇప్పటికే రెండు రకాలుగా చెప్పుకుంటున్నారు. ఒకదాంట్లో నేను ధర్మాత్ముణ్ణి, రెండోదాంట్లో వెధవని. రెండూ తప్పే. నేను తటస్థుణ్ణి. అది వాటికంటే ప్రమాదమని నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. బందరు గ్రంథాలయంలో మూడు బీరువాలు పూర్తిచేసినవాణ్ణి కాబట్టి ఈ మాట ధైర్యంగా అంటున్నాను.

పదో తరగతితో చదువు ఆపేసి బందరులో రోల్డుగోల్డు గాజులకు పూత వేసే పనిలో చేరాను. సాయంత్రాలు గ్రంథాలయంలో గడుపుతాను. మా పనిశాలలో ఎవరికీ తెలియని మాటలు నాకు చాలా తెలుసు. సమయం చూసి వాడతాను. సమయం రాకపోతే తెప్పించి వాడతాను.

ఆదివారాలు పామర్రు మీదుగా గుడివాడ వెళ్తాను. అక్కడ సెల్‌ఫోన్లు బాగుచేసే స్నేహితుడొకడు ఉన్నాడు. చుట్టరికం లేకపోయినా బావా అంటే బావా అనుకుంటాం. సెలవు రోజున వాడి కొట్లో నలుగురం కూర్చుని పాచికలతో ఒక కథ ఆట ఆడతాం. వాడు కథ నడుపుతాడు, మేం తలా ఒక వేషం వేస్తాం. మొదట్లోనే ఎవరి కాగితం మీద వాళ్లు తమ పాత్ర స్వభావం రాసుకోవాలి: మంచివాడా, చెడ్డవాడా, మధ్యస్థుడా; మళ్లీ కట్టుబాటు పాటించేవాడా, పాటించనివాడా, మధ్యస్థుడా. మూడు మూళ్లు తొమ్మిది గళ్లు. నేను అన్నిటికీ మధ్య గడి ఎంచుకున్నాను. నా పాత్ర వనముని. లోకంలో సమతూకం కాపాడటం ఆయన పని. పని అంటే చెట్టెక్కి కూర్చోవడం.

"బావా, దొంగలు ఊరు తగలబెడుతున్నారు. నువ్వేం చేస్తావ్?"

"గమనిస్తాను."

"పోయిన వారమూ గమనించావు కదరా!"

"ఒక పక్షం గెలిస్తే సమతూకం చెడుతుంది. నా స్వభావం కాగితం మీద ఉంది, చూసుకో."

"కాగితం మీద నువ్వు రాసుకున్నదాన్ని చెరిపే హక్కు నాకుంది. నువ్వేమనుకుంటున్నావన్నది కాదు, ఏం చేస్తున్నావన్నదే లెక్క," అన్నాడు బావ, రబ్బరు చూపించి. ఫోన్లు రిపేరు చేసేవాడికి తత్వశాస్త్రం ఏం తెలుసులే అని క్షమించేశాను.

ఆ ఏడు కాలువ నీళ్లు ఆలస్యంగా వదిలారు. మా పిన్నికి ఊళ్లో పంట బోదె, అంటే పొలాలకు నీళ్లు తెచ్చే పిల్లకాలువ, చిట్టచివర ఎకరం ఉంది. బాబాయి పోయాక తనే చేయించుకుంటోంది. ఆమెకు ఎగువన, తూముకు దగ్గర్లో, పెదనాన్న వరస ఆయన పొలం. ఇద్దరి నారుమళ్లూ ఎండుముఖం పట్టాయి. పిన్ని నారు మరీ పసుపెక్కింది. మళ్లీ పోయడానికి విత్తనం లేదు. ఇది పోతే ఆ సార్వా పంటే లేదు. ఆ బోదెకు వచ్చిన వంతు రెండు పగళ్లు. ఎవరికెంత అన్న దగ్గర మాటామాటా పెరిగింది. చదువుకున్నవాడు, ఎవరి పక్షమూ పట్టడని నన్ను పిలిపించారు.

నా జన్మకు అంతకన్నా ఏం కావాలి? తూము దగ్గర నిలబడి సమన్యాయం గురించి కొంతసేపు మాట్లాడాను. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పెదనాన్నకు, అక్కణ్ణించి పొద్దుగూకేదాకా పిన్నికి. రెండు రోజులూ అంతే. సరిగ్గా సగం.

"అది కాదురా..." అంది పిన్ని.

"పిన్నీ, నేను ఎవరి వైపూ కాదు," అని చెయ్యెత్తాను. నీళ్లు వదిలే లస్కరు మీసాల్లో నవ్వుకున్నాడు. మెచ్చుకోలు అనుకున్నాను.

పిన్ని ఇంట్లో భోంచేసి మధ్యాహ్నం నీళ్ల వెంట నడిచాను. పెదనాన్న పొలం గట్టు వరకూ నీళ్లు పరిగెత్తాయి. అది దాటాక బోదె బీటలు వారి ఉంది. వచ్చిన నీళ్లన్నీ ఆ బీటలే తాగాయి. పిన్ని మడి గట్టు తడిసేసరికి తూము మూసే వేళయింది. చివరి పొలానికి నీళ్లు నడిచి రావాలన్న సంగతి ఊళ్లో తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే.

"నీళ్లు నడిచే టైము ఎవరు లెక్కేస్తారురా, మీ లైబ్రరీయా?" అంది పిన్ని, గట్టు మీద కూర్చుని. పసుపెక్కిన నారు పరక ఒకటి తుంచి, "ఆయన వైపు మాట్లాడుంటే తిట్టిపోసేదాన్ని. ఎవరి వైపూ కాదన్నావు. ఏమని ఎదురు చెప్పను?" అంది.

మర్నాడు పొద్దున్నే తూము దగ్గరికి వెళ్లి, ఈ పగలంతా పిన్నికే అన్నాను.

పెదనాన్న తువ్వాలు దులిపాడు. "తీర్పు మారుస్తావేంట్రా? ఎవరి వైపూ కాదన్నావుగా!"

"నిన్న మీ వైపే ఉన్నాను పెదనాన్నా, తెలియక. ఇవాళ పిన్ని వైపున్నాను, తెలిసి."

"పుస్తకాలు చదివి చెడిపోయావురా నువ్వు."

"మీ మడి నిన్ననే నిండిపోయిందండీ. పొర్లి డొంక దారిలోకి పోయింది," అన్నాడు లస్కరు, ఎవరినీ చూడకుండా. అక్కడున్న నలుగురూ పెదనాన్న మొహం చూశారు. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. అప్పటినుంచి నాతో మాటల్లేవు.

నారులో మూడొంతులు తేరుకుంది. ఓ పక్క మాడిపోయింది. ఆ మేరకు పొలంలో నాట్లు పడలేదు. బస్సులో వెళ్తుంటే ఆ ఖాళీ చెక్క రోడ్డు మీదకి కనిపిస్తుంది. నా సమతూకం విస్తీర్ణం అంత.

తరవాతి ఆదివారం బావకు ఇదంతా చెప్పాను. వాడు నా కాగితం తీసుకుని మధ్య గడి చెరిపాడు. "ఇప్పుడేం రాయను?" అన్నాడు. ముందు వనమునిని చెట్టు దింపమన్నాను.

సాయం చేసినవారికి కృతజ్ఞతలు చెప్పుకోవాలి. పేరు రాస్తే గడప తొక్కనివ్వనని పిన్ని బెదిరించింది కాబట్టి వరసలతోనే సరిపెడుతున్నాను. సరైన వేళకు నోరు విప్పిన లస్కరు గారికి, ఆయన నవ్విన నవ్వుకు కూడా. అరిగిపోయిన రబ్బరుకూ గుడివాడ బావకూ. ఫ్యాను కింద కుర్చీ నాకోసం ఆపే గ్రంథాలయం ఆయనకు. తటస్థుడు ఎవరికి పనికొస్తాడో చూపించిన పెదనాన్నకు. సగం వంతు తీర్పు చెప్పి వచ్చిన మధ్యాహ్నం కూడా నాకు అన్నం పెట్టిన పిన్నికి.