చేపలు తినని సంపూర్ణమ్మ

ధవళేశ్వరంలో చేపలమ్మే సంపూర్ణమ్మ చేతికి చేప అందితే చాలు, కబుర్లు చెబుతూనే పొలుసు తీసి ముక్కలు కోసేస్తుంది. అలాంటి మనిషి ఏళ్ళ తరబడి చేపముక్క నోట పెట్టలేదంటే బేరానికొచ్చినవాళ్ళు నమ్మరు. "మీ చేపలంటే మీకే భయమా ఏంటండీ?" అని ఆటపట్టిస్తారు.

భయం చేపలంటే కాదు. కూతురు దుర్గాశ్రీకి మూడేళ్ళప్పుడు విషజ్వరం వచ్చి, మూసిన కన్ను తెరవలేదు. ఆ రోజుల్లోనే ఇంటి పునాదికి తోలించిన క్వారీ రాళ్ళలో ఒక పలక కనబడింది. దానిమీద గుండ్రటి నల్లని బొడిపెలు వరసలు తీరి నిగనిగలాడుతున్నాయి. ఇన్ని కళ్ళున్న తల్లి నా బిడ్డను చూడకపోతుందా అనుకుంది సంపూర్ణమ్మ. పసుపు రాసి, కుంకుమ పెట్టి, పిల్ల లేస్తే ఈ జన్మలో చేప తిననని మొక్కుకుంది. పిల్ల లేచింది. పలక దేవుడి గూట్లోకి చేరింది.

ఆ పిల్లే ఇప్పుడు డిగ్రీలో జియాలజీ చదువుతోంది. క్లాసులో ఒక బొమ్మ చూసి ఉలిక్కిపడి, లెక్చరర్ మంజుషగారిని ఇంటికి తీసుకొచ్చింది. ఆవిడ పలకను చాలాసేపు పరీక్షగా చూసింది.

"ఇవి కళ్ళు కావండీ, పళ్ళు. పిక్నోడస్ అని, కోట్ల ఏళ్ళనాటి సముద్రపు చేపవి. గుల్లల్ని వీటితోనే నలిపి తినేది. అప్పట్లో సముద్రం ఇక్కడిదాకా ఉండేదండీ. ఇప్పుడా జాతే లేదు. మా కాలేజీకి ఇస్తారా?"

"అయితే చేపకి మొక్కుకుని చేపలు మానేశానా నేను!" సంపూర్ణమ్మ కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. రోజూ చేపల నోళ్ళు చూసే తనకే తెలియలేదని సిగ్గేసింది కూడా. అంతలోనే నవ్వు ఆగిపోయింది. పలక ఇల్లు దాటితే పిల్లకేమైనా అయితే?

"అమ్మా, నేను మంచంమీద లేను. నీ ఎదురుగా నిలబడ్డాను, చూడు" అంది దుర్గాశ్రీ.

సంపూర్ణమ్మ చూసింది. తనకంటే జానెడు ఎత్తు పెరిగిన పిల్ల. పలకకు దణ్ణం పెట్టి, పెరట్లో కూర్చుని ఏళ్ళనాటి పసుపంతా తనే మెల్లగా కడిగింది.

"మేం కడుక్కుంటాం లెండి" అంది మంజుషగారు.

"చేపని శుభ్రం చెయ్యకుండా ఎవరి చేతిలోనూ పెట్టలేదండీ ఇన్నాళ్ళూ."

ఆ మధ్యాహ్నం దుర్గాశ్రీ శీలావతి చేపల పులుసు వండి, ముద్ద కలిపి తల్లి నోటి దగ్గర పెట్టింది. సంపూర్ణమ్మ చెయ్యి తెలియకుండానే కూతురి నుదుటిమీదికి పోయింది. నుదురు చల్లగా ఉంది. నోరు తెరిచింది.

మెల్లగా నమిలి మింగి, కళ్ళు తుడుచుకుంది.

"పులుపు చాలలేదే" అంది.